దూలం సన్నబడిన తీరు

మా నాయిన గౌలిపురల పశువుల దాణా దుకాణం నడిపిండు. తవుడు, పత్తిచెక్క, ఉలవలు. గల్లా పక్కన కూసోని పెరిగినోన్ని నేను. ఎదుటోడు ధర చెప్పంగనే కనుబొమ్మలు ఎత్తి "ఔనా?" అనుడు నాకు అక్షరాల కన్నా ముందు వచ్చింది. గసుంటోడు కరెంటుతోని నిట్టనిలువుగ లేచే విమానాల పనిల రిటైరయిండంటే మా గల్లీల ఇప్పటికీ ఎవ్వరు నమ్మరు. "యాదగిరన్నా, విమానం గూడ బేరమాడి కొన్నవా?" అంటరు. కొనలే. బేరం మాత్రం మస్తు చేసిన. మనుషులతోని చేసిన, గాలితోని చేసిన. మనుషులు ఎంతో కొంత తగ్గిన్రు. గాలి తగ్గలే.

ఈ పనిలోకి కొత్తగ వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్న. ప్రమోషన్లు, ఫైళ్ళు, ఎవరు ఏ కుర్చీల కూసున్నరు అనేది మీకు అక్కర లేదు. నాకైతే గుర్తు గూడ లేదు. గుర్తున్నది ఒక దూలం. దాని ముచ్చట రాసుకుంట మధ్యల లేచి చేతులు ఊపుతున్నట్టున్న, మా ఇంటామె వంటింట్లకెళ్ళి "కూసోని రాయరాదా, గ్లాసులు పగులుతయి" అని అరుస్తున్నది.

దూలానికి ఇద్దరు యజమానులు

మేము కట్టింది ఇద్దరు కూసునే చిన్న విమానం. దానికి రన్‌వే అక్కర లేదు. ఉన్న కాడనే పైకి లేస్తది, లేచినంక మామూలు విమానం లెక్క రెక్కల మీద ముందుకు పోతది. లేపేటందుకు ఎనిమిది రోటర్లు. మన ఇంటి పంకా ఎట్లనో అవీ అట్లనే, గాలిని కిందికి తోస్తయి. మరి వాటిని దేనికి బిగించాలె? రెక్కకు అటు రెండు, ఇటు రెండు పొడుగాటి గొట్టాలు ముందుకూ వెనక్కూ చాచి ఉంటయి. ఒక్కో గొట్టానికి ముందర ఒక రోటరు, వెనక ఒక రోటరు. ఆఫీసుల దాన్ని బూమ్ అన్నరు. నేను దూలం అన్న. కొన్నాళ్ళకు అందరూ దూలమే అన్నరు.

దూలం మీద ఇద్దరికి హక్కు. స్ట్రక్చర్స్ వాళ్ళకు అది విరగొద్దు, వంగొద్దు, మెలి పడొద్దు. గాలి లెక్కలు కట్టే ఏరోడైనమిక్స్ వాళ్ళకు, అంటే మాకు, అది గాలికి అడ్డం రావొద్దు. వాళ్ళకు లావు కావాలె, మాకు సన్నం కావాలె. ఎందుకంటే రోటరు కిందికి తోసిన గాలి నేరుగ దూలం నెత్తిన పడ్తది. పడి, దూలాన్నే కిందికి తొక్కుతది. మంచం మీద కూసోని అదే మంచాన్ని లేపాలని చూసినట్టన్నమాట. పైనుంచి చూస్తే దూలం ఎంత వెడల్పుంటే తొక్కుడు అంత ఎక్కువ.

కంప్యూటర్ల గాలి పారే బొమ్మలు చూసి మీరు మురుస్తరు. ఎర్రగ, నీలంగ, మెలికలు తిరుక్కుంట మస్తుంటయి. నేనూ మురిసిన. ఆ బొమ్మలు అబద్ధం చెప్పవు, కానీ అడిగినదానికే జవాబు చెప్తయి. లావు దూలం ఇస్తే లావు దూలం చుట్టూ గాలి ఎట్ల పోతదో చూపిస్తయి. "ఇంత లావెందుకు భాయ్?" అని మాత్రం అడగవు. అది అడిగేటందుకే మనకు జీతం ఇస్తరు.

కాటా మీద విమానం

మొదటి నమూనాను ఒక ఇనుప చట్రం మీద కూసోబెట్టి బిగించినం. చట్రం కింద బరువు తూచే కాటాలు. రోటర్లు తిరిగినకొద్ది కాటా మీద అంకె తగ్గుకుంట రావాలె. సున్నకు వచ్చిందంటే విమానం తన బరువు తాను మోస్తున్నట్టు. నేను దుకాణపోన్ని, కాటా ముందల నిలబడ్డనంటే నాకు ఆకలి గూడ తెల్వదు.

రోటర్లు గిర్రున తిరిగినయి. షెడ్డు రేకులు దడదడ కొట్టుకున్నయి. అంకె తగ్గింది, తగ్గింది, ఇంక తగ్గింది... ఆగిపోయింది. సున్నకు శానా పైననే. పైలట్ ఒక్కడు కూసున్నా కష్టమే, ఇద్దరి మాట దేవుడెరుగు.

మా చీఫ్ డిజైనర్ మూర్తిగారు. కోస్తా నుంచి చిన్నప్పుడే వచ్చి, హెలికాప్టర్ల పనిల జుట్టు నెరిపించుకున్న మనిషి. తెలివికి తిరుగు లేదు. చెవులు మాత్రం నోటి కన్నా ఆలస్యంగ పని చేసేవి.

"ఏవండీ యాదగిరిగారూ, మీ లెక్క ప్రకారం లేవాలి కదండీ?"

"లేవాలె సార్."

"మరి లేవలేదేం?"

"గాలికి నా లెక్క ఎవ్వరూ చూపెట్టలేదేమో సార్."

నవ్వుతరేమో అనుకున్న. నవ్వలే. కండ్లద్దాలు తీసి తుడుసుకుంట అందరి ముందల ఒకే మాట చెప్పిన్రు. "వానాకాలం పోయేలోగా ఇది ఇద్దరి బరువుతో లేవాలి. లేవకపోతే మన బాడీని పక్కన పెట్టేస్తాం. బయట నుంచి తయారు డిజైన్ తెచ్చుకుని మన బ్యాటరీలు అందులో పెడతాం. కంపెనీ వాళ్ళు తేల్చి చెప్పేశారు."

నాకేం పోతది? నేను ఎట్లయినా రిటైర్ అయ్యేటోన్ని. నా కండ్లు సమీనా దిక్కు పోయినయి. ఆమె మా స్ట్రక్చర్స్ ఇంజినీరు, దబీర్‌పురా అమ్మాయి. పెద్ద కంపెనీల పని విడిచి, మనమే గీసి మనమే కట్టే విమానం అని ఇక్కడికి వచ్చింది. దూలాల మీద మొదటి గీత ఆమెదే, చివరి గీతా ఆమెదే. బయటి డిజైన్ వచ్చిందంటే ఆమె విమానం ఆ షెడ్డు మూలకు తుక్కు లెక్క పడుంటది. ఆమె మాత్రం కాటా మీద ఆగిన అంకెనే చూస్తున్నది.

కారుల బేరం

పొద్దుగాల నా పాత కారుల దబీర్‌పురా స్టేషన్ కాడ సమీనాను ఎక్కించుకుని షెడ్డుకు పోయేది. మా అసలు మీటింగులు అందులనే.

"బేటీ, దూలం వెడల్పు సగం చెయ్యి," అన్న.

"సగమా? పొద్దు పొద్దున మజాక్ చేస్తున్రా సర్?"

"సరే, మూడో వంతు తగ్గించు."

"చూస్తిరా! ఒక్క సిగ్నల్ దాటకముందే సగం నుంచి మూడో వంతుకు దిగిన్రు. ఇంకో సిగ్నల్ దాటితే 'కొంచెం లావు చెయ్యి బేటీ' అంటరు."

"నీ కాడ ఎంతుందో అసలు ధర చెప్పు మరి."

"అసలు ధర చెప్తే మీటింగుల మూర్తి సర్ నన్ను నిలబెడ్తరు. బ్యాటరీల కిరణ్ చెప్పిండు గదా, మా అంకెల భయానికి కొంచెం ఎక్కువ పెట్టుకున్నం అని. ఏమైంది?"

ఏమైందో అందరికి ఎరుకే. "అయితే ఇన్నాళ్ళూ మాకు తప్పుడు అంకె ఇచ్చారన్నమాట" అని మూర్తిగారు పదిమంది ముందల అన్నరు. ఆ దినం నుంచి కిరణ్ మీటింగుల నోరు తెరిస్తే చాయ్ తాగేటందుకే.

సమీనా కిటికీల నుంచి బయటికి చూసుకుంట మెల్లగ అన్నది. "మోటర్ల వాళ్ళు రోటరు ఎంత బలంగ తోస్తదో ఎక్కువ చేసి చెప్పిన్రు. నాకు తెలుసు. మీరు ఇచ్చిన గాలి దెబ్బల అంకె గూడ ఎక్కువనే. ఔనా, కాదా?"

నేను హారన్ కొట్టిన.

"సర్, ముందల ఎవ్వరూ లేరు."

"అలవాటు."

"వాళ్ళ ఎక్కువ మీద మీ ఎక్కువ. మీ ఎక్కువ మీద నా ఎక్కువ. నేను గూడ వేసుకున్న, అబద్ధమెందుకు. గందుకే అది లావైంది."

పక్కన ఆటో వాడు తిడుతున్నా నేను కారు ఓరకు ఆపిన. ఒక్కసారిగ మొత్తం కనబడ్డది నాకు! దూలం లావైతే గాలి దాన్ని ఎక్కువ తొక్కుతది. తొక్కితే విమానం లేవదు. లేవకుంటే మోటర్ల వాళ్ళు ఇంకా బలమున్న మోటరు పెడ్తరు. పెద్ద మోటరు అంటే ఎక్కువ బరువు, ఎక్కువ తోపుడు. అది మోసేటందుకు సమీనా దూలం ఇంకా లావు చేస్తది. లావైతే మళ్ళ గాలి... ఆ చక్రంల మేము నెలల సంది తిరుగుతున్నం. దూలంల జిగురుతోని అంటించిన కార్బన్ బట్ట ఎన్ని పొరలున్నయో అన్ని పొరల మధ్య మా భయాలు గూడ ఒకటొకటి అంటుకుని ఉన్నయి.

ఒక మాట ఇక్కడనే చెప్పాలె, లేకుంటే నా మీద లొల్లి చేస్తరు. నియమం ప్రకారం పెట్టే భద్రత ఉంటది. రావచ్చు అనుకున్న బరువు కన్నా ఇంత ఎక్కువ మోయాలె అని రాసి ఉంటది, అందరికి కనబడ్తది. దాని మీద చెయ్యి వేసేటోడు ఇంజినీరు కాదు. నేను చెప్పేది ఆ కనబడేదాని కింద ఎవరికి వారు దాచుకున్న దాని గురించి. అది ఎంతుందో ఎవ్వరికీ తెల్వదు. తెల్వనిది భద్రత ఎట్లయితది?

తువ్వాల

మా నాయిన దుకాణం ముందల బర్రెల బేరాలు జరిగేవి. అమ్మేటోడు, కొనేటోడు ఎదురెదురుగ నిలబడి, చేతుల మీద తువ్వాల కప్పుకుని, లోపల వేళ్ళు పట్టి ధర చెప్పుకునేది. చుట్టూ మంది నిలబడి చూసినా ఎవరు ఎంత అన్నరో తెల్వదు. పదిమంది వినంగ ఒక ధర అన్నోడు పరువు కోసం దాని మీదనే నిలబడ్తడు. తువ్వాల కింద పరువు పని చేయదు, అందుకే అసలు ధర అక్కడనే బయటికి వస్తది.

మూర్తిగారి గదిలకు పోయి ఇదే చెప్పిన.

"పశువుల సంత చేస్తారా నా ఆఫీసుని?" అన్నరు.

"సంతల అబద్ధాలు తక్కువ సార్."

శానా సేపు నా మొఖం చూసిన్రు. బేరంల నాకు తెలిసిన విద్య ఒక్కటే, చెప్పినంక నోరు మూసుకునుడు. మూసుకున్న.

"ఒక్కసారికే," అన్నరు.

మర్నాడు మీటింగు బల్ల మీద మా ఇంటి తువ్వాల పరిచిన. ఉతికిందే, మా ఇంటామె ఇచ్చి పంపింది. పక్కన ఒక డబ్బా నిండ చిన్న బోల్టులు. "ప్రతి గ్రూపు పెద్ద ఒక పిడికెడు తీసుకోవాలె. మీ అంకెల నియమానికి మించి నూటికి ఎంత దాచుకున్నరో అన్ని బోల్టులు తువ్వాల కింద వదలాలె. మిగిలినవి పిడికిలి విప్పకుండ మళ్ళ డబ్బాల పొయ్యాలె. ఎవరివి ఎన్నో ఎవ్వరూ అడగొద్దు, ఎవ్వరూ చెప్పొద్దు," అన్న.

మోటర్ల వాళ్ళు బ్యాటరీల వాళ్ళను చూసిన్రు. కిరణ్ పైకప్పును చూసిండు. సమీనా నన్ను చూసింది. ఎవ్వరూ కదలలే. పోయింది, నా బేరం మొదలుకాకముందే చెడిపోయింది అనుకున్న. తువ్వాల మడత పెట్టుకుని ఇంటికి పోతే ఏమని చెప్పాలె అని ఆలోచిస్తున్న.

అప్పుడు కుర్చీ గీరుకున్న చప్పుడు. మూర్తిగారు లేచి, డబ్బాల చెయ్యి పెట్టి, పిడికిలి తువ్వాల కిందికి జరిపిన్రు. టక్, టక్, టక్. మనుషుల బరువు ఇంత, సామాను బరువు ఇంత అని మొదటి అంకెలు ఇచ్చింది ఆయనే. ఆయన గూడ దాచుకున్నరని మాలో ఒక్కనికన్నా తోచలే! ఆయన చెయ్యి బయటికి తీసి, మిగిలినవి డబ్బాల పోసి, ఏం కానట్టు కూసున్నరు.

ఆ తర్వాత నన్ను అడగకండి. పెండ్లి బంతికి లేచినట్టు లేచిన్రు. చేతులు పోతున్నయి, వస్తున్నయి. తువ్వాల మధ్యల చిన్న గుట్ట లేస్తున్నది. నా పిడికిలి గూడ తక్కువేం కాదు, అంతవరకే చెప్త.

తువ్వాల తీసిన. అందరం ముందుకు వంగినం. అక్కడ ఉన్నది కుప్ప. ఒకరి మీద ఒకరం ఎక్కించుకున్న భయం మొత్తం ఇనుపరూపంల మెరుస్తున్నది.

సమీనానే ముందు నవ్వింది. "యా అల్లా! సర్, ఇంత బరువు మోసుకుంట ఇది ఎట్ల లేస్తదనుకున్నం?"

మూర్తిగారు ఒక బోల్టు తీసి వేళ్ళ మధ్య తిప్పుకుంట అన్నరు. "ఎవరివి ఎన్ని అని నేను అడగను. ఇవాళే కాదు, ఎప్పుడూ అడగను. రేపు పొద్దున కొత్త అంకెలు సమీనాగారి బల్ల మీద ఉండాలి. నావి కూడా ఉంటాయి."

రేపు బాసులు అయ్యేటోళ్ళు ఇది యాది పెట్టుకోండి. నిజం చెప్పినోన్ని ఒక్కసారి పదిమందిల నిలబెడితే చాలు, ఆ తర్వాత మీ విమానం బరువు ఎంతో మీకు ఎన్నడూ తెల్వదు.

స్వెటర్ తొడుక్కున్న దూలం

కొత్త అంకెలు వచ్చినంక పని ఉరికింది. పాత దూలం గుండ్రని గొట్టం. గాలి దాని నెత్తిన పడి, పక్కల నుంచి జారుకుంట పోయి, కింద సగంల పట్టు విడిచి సుడులు తిరిగేది. కొత్తది అడ్డంగ కోసి చూస్తే నిలబెట్టిన కోడిగుడ్డు లెక్క, మొన కిందికి. పైనుంచి చూస్తే సన్నం, పక్క నుంచి చూస్తే లోతు. గాలి పక్కల నుంచి అంటుకునే జారి కింద మొన కాడ కలుసుకోవాలె. కలుసుకుంటదా, లేదా? కంప్యూటరు కలుసుకుంటది అన్నది. నేను కండ్లతోని చూడాలె.

లాల్‌దర్వాజాకు పోయి ఎర్ర ఊలు దారం అడిగిన.

"ఎవరికి స్వెటరు అన్నా?" అన్నడు దుకాణపాయన.

"విమానానికి."

"పైన చలి పెడ్తదా ఏంది దానికి?" అని రెండు ఉండలు కట్టి, "విమానానికైతే ధర తగ్గించ," అన్నడు. నా జీవితంల నేను బేరం చేయకుండ కొన్న సామాను అదే.

ఆ దారం చిన్న చిన్న ముక్కలు కత్తిరించి, పాత దూలానికీ కొత్త దూలానికీ వరుసలుగ టేపుతోని అంటించినం. పైన ఒక రోటరు తిప్పినం. పాత దూలం మీది దారాలు పిచ్చి లేసినట్టు ఎగిరినయి. కింద సగంలవైతే పైకి చూసుకుంట కొట్టుకున్నయి. కొత్తదాని మీదివి పై నుంచి కింది మొన దాక నున్నగ పండుకున్నయి. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి గూడ లేవలే!

"నూనె పెట్టి దువ్వినట్టున్నయి సర్," అన్నది సమీనా.

నేను ఎగిరిన. ఈ వయసుల, చెప్పులు లేకుండ, సిమెంటు నేల మీద. మోకాలు ఇప్పటికీ యాది చేస్తది.

"మీ ధర మీకు ముట్టింది. ఇప్పుడు నా ధర," అన్నదామె. "సన్నం చేస్తే దూలం మెలి పడ్తది. లోతు ఇంకా పెంచండి."

"పెంచితే అడ్డగాలి దాన్ని గోడను తోసినట్టు తోస్తది. కుదరదు."

"అయితే నేను పోతున్న," అని నిజంగనే తలుపు దాక పోయింది. దుకాణంల గిరాకి ఆడే ఆట నా మీదనే!

"ఆగు ఆగు. బట్ట ఏటవాలుగ వేస్తే?"

"అదే అడుగుతరని చూస్తున్న," అన్నది వెనక్కి తిరిగి. కార్బన్ బట్ట దారాలు దూలం పొడుగునా కాకుండ ఏటవాలుగ పోయేటట్టు పొరలు వేస్తే మెలికి అవి అడ్డం పడ్తయి. ఎన్ని పొరలో ఆమె అప్పటికే లెక్క కట్టి ఉంచింది. నేను చెప్పేదాక ఆగిందంతే. బేరంల నన్ను ఓడగొట్టినోళ్ళు తక్కువ. ఆ ఓటమి నాకు ఇప్పటికీ తియ్యగనే ఉంటది.

ఒకటే ముల్లు మిగిలింది. ప్రతి దూలానికి తనదైన ఊగు ఉంటది. రోటరు వేగం దాంతోని కలిసిందంటే దూలం వణుకుతది. కొత్త దూలం నడిమి వేగంల ఒకచోట వణుకుతదని, దాన్ని ఆగకుండ దాటాలెనని సమీనా చెప్పింది. అక్కడ ఆగితే విరుగుతది. దాటితే ఫికర్ లేదు.

ఆ పొద్దు

వానలు తగ్గిన ఒక పొద్దుగాల, గాలి ఇంక లేవకముందే, విమానాన్ని షెడ్డు బయటికి తీసినం. ఈసారి చట్రం లేదు. నేల మీదనే నిలబెట్టి, మరీ పైకి పోకుండ నాలుగు దిక్కుల తాళ్ళు వదులుగ కట్టినం. ఒక తాడు చివర మేము నిలబడ్డ కంచె పక్కనున్న కడ్డీకి కట్టి ఉన్నది. ఒక సీట్ల పైలట్ వినోద్, ఇంకో సీట్ల మనిషంత బరువు ఇసుక బస్తాలు. సమీనా చెవులకు హెడ్‌ఫోను, ముందల దూలాల వణుకు చూపెట్టే తెర.

రోటర్లు తిరిగినయి. గడ్డి నేలకు అంటుకుపోయింది. వేగం పెరిగింది. ఉన్నట్టుండి దూలాల కొసలు మసక బారినయి. కంటికి కనబడ్తున్నది వణుకు. తెర మీద గీత నిటారుగ లేచింది.

మూర్తిగారు ఒక్క అడుగు ముందుకు వేసిన్రు. "ఆపమంటారా?"

సమీనా తెర మీదికెళ్ళి కన్ను తీయలే. "వద్దు సర్. నేను చెప్పిన కాడనే వణుకుతున్నది. వినోద్ భాయ్, ఆగకుండ్రి, పెంచుండ్రి, పెంచుండ్రి!"

రోటర్ల మోత ఒక మెట్టు పైకి పోయింది. గీత పడిపోయింది. కొసలు మళ్ళ స్పష్టంగ, గీసినట్టు నిలబడ్డయి.

ఆ తర్వాత విమానం కాళ్ళ కింద నుంచి అవతలి గోడ కనబడ్డది. సన్నగ, తెల్లగ ఒక గీటంత. గీటు బెత్తెడయింది. బెత్తెడు జానెడయింది. ఎవ్వరూ అరవలే. అరిస్తే దిగిపోతదేమో అన్నట్టు నిలబడ్డం. అది ఇంకా లేచింది, మోకాలంత, నడుమంత. వదులుగున్న తాళ్ళు నేల మీది నుంచి లేచి, ఒక్కటొక్కటే బిగిసినయి.

"తాళ్ళు! ఎవరయ్యా తాళ్ళు చూస్తోంది? అది వెళ్ళిపోతోంది, పట్టుకోండి!" మూర్తిగారు కండ్లద్దాలు ఊడిపడ్డా చూసుకోకుండ ఉరుకుతున్నరు.

రేడియోల వినోద్ గొంతు. "సార్, ఇంకా పూర్తి బలం ఇయ్యనే లేదు. తాడు పెంచుతరా?"

సమీనా హెడ్‌ఫోను మెడ మీదికి జార్చుకుని నా దిక్కు తిరిగింది. కండ్లు నిండినయి, నోరంత నవ్వు. "లేస్తలేదని ఏడ్చినం సర్ ఇన్నాళ్ళు. ఇప్పుడు పట్టుకుంటే ఆగుతలేదు!"

నేను కంచె పక్కనున్న తాడు మీద అరచెయ్యి పెట్టిన. తీగ లెక్క బిగిసి జుమ్మంటున్నది. ఆమె గూడ వచ్చి నా చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టింది. తాడు పైకి గుంజుతున్నది.